గుమాస్తా నుంచి కృత్రిమ మేధ దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి పంపవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. మా ఊరి కోట గురించో, పాత శివాలయం గురించో వ్రాద్దామని కాగితాలు ముందు పెట్టుకున్నాను. ఇంతలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నా ఆలోచనను మరో దారి పట్టించింది.

మా వదినగారికి 82 ఏళ్ళు. మా అన్నగారు తపాలా శాఖలో పనిచేసి కాలం చేశారు. ఆమె కుటుంబ పింఛను మీద ఉన్నారు. పోయిన నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆమెను ఒక సేవా కేంద్రానికి మూడుసార్లు ఆటోలో తీసుకువెళ్ళాను. మూడుసార్లూ వేలిముద్ర పడలేదు. జీవితమంతా గిన్నెలు తోమి, పిండి రుబ్బి, బట్టలుతికిన చేతులాయె, గీతలు అరిగిపోయాయి. "నేను బతికున్నానని ఆ డబ్బాకి ఎవరు చెప్పాలి మరిదీ!" అని ఆమె అన్నప్పుడు నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ తిరిగాయి. మర్నాడు మా మనుమరాలు తన సెల్‌ఫోను ఆమె ముఖం ముందు పెట్టి, "పెద్దమ్మమ్మా, ఒక్కసారి కళ్ళు ఆర్పు" అంది. అంతే. రెండు నిమిషాల్లో సర్టిఫికెట్ నంబరు ఫోనుకు వచ్చింది. ఆమె కుర్చీలోంచి లేవనే లేదు.

ఆ ముఖాన్ని గుర్తుపట్టినదే కృత్రిమ మేధ. కేంద్ర ప్రభుత్వం జీవన్ ప్రమాణ్ పథకాన్ని 2014 నవంబరులో ప్రారంభించింది. ముఖం చూసి గుర్తించే పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. అదే రోజు సాయంత్రం మా మనుమరాలు నన్నొక ప్రశ్న అడిగింది. ఆమె ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నది. "తాతయ్యా, ఈ ఏఐ అన్ని పనులూ చేసేస్తే మాకు ఉద్యోగాలుంటాయా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. జిల్లా గ్రంథాలయానికి వెళ్ళి, దొరికినవి చదివి, నా సర్వీసు అనుభవంతో కలిపి ఆలోచించాను. ఆ జవాబే ఈ వ్యాసం.

కంప్యూటర్ అంటే మొదట మనిషే

ఈ సంగతి చాలామందికి తెలియకపోవచ్చు. కంప్యూటర్ అనే మాట మొదట యంత్రానికి పేరు కాదు. లెక్కలు కట్టే గుమాస్తాకు పేరు. ఓడలు నడిపేవారికీ, ఖగోళ శాస్త్రజ్ఞులకూ కావలసిన పట్టికలను పూర్వం మనుషులే కూర్చుని లెక్క కట్టేవారు. మన దేశంలో 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వేలో కూడా ఇలాంటి కంప్యూటర్లు ఉండేవారు. 1831లో ఆ సర్వేలో చేరిన రాధానాథ్ సిక్‌దర్ అనే బెంగాలీ యువకుడు తరువాత ప్రధాన కంప్యూటరయ్యాడు. ఎవరెస్టు శిఖరం ఎత్తు లెక్క కట్టినవాడుగా ఆయనను చెప్పుకుంటాం. 1856లో ప్రకటించిన ఆ ఎత్తు 29,002 అడుగులు. అంటే ప్రపంచంలో ఎత్తైన శిఖరాన్ని కొలిచిన ఖ్యాతి కొండనెక్కనవసరం లేకుండా కుర్చీలో కూర్చుని లెక్కలు చేసిన మన కోవ మనిషిదే.

మనిషి లెక్కలో పొరపాటు తప్పదు. 1821లో ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ ఇలాంటి పట్టికలను సరిచూస్తూ, అడుగడుగునా తప్పులు దొర్లడం చూసి విసిగిపోయాడు. ఈ లెక్కలు ఆవిరి యంత్రం చేస్తే ఎంత బాగుండునని ఆయనకు తోచింది. ఆయన తలపెట్టిన యంత్రాలు ఆయన జీవితకాలంలో పూర్తి కాలేదు. కాని ఆ యంత్రం గురించి 1843లో వ్యాఖ్యానం వ్రాసిన అడా లవ్‌లేస్ అనే విదుషీమణి, అది అంకెలతోనే ఆగదని, సంగీతం కూడా కూర్చగలదని ఊహించింది. అదే సమయంలో అది తనంతట తాను కొత్తది ఏదీ పుట్టించలేదని, మనం చెప్పినదే చేస్తుందని కూడా హెచ్చరించింది. ఈ చర్చ నేటికీ సాగుతూనే ఉన్నది.

1936లో ఆలన్ ట్యూరింగ్ అనే 23 ఏళ్ళ గణితజ్ఞుడు ఒక వ్యాసం వ్రాశాడు. కాగితం, పెన్సిలు పెట్టుకుని, నియమాల ప్రకారం అడుగు తరువాత అడుగు లెక్క చేసే మనిషిని ఆయన మనసులో పెట్టుకున్నాడు. ఆ మనిషి చేసే పనినంతా ఒక యంత్రం చేయగలదని వాదించాడు. నేటి కంప్యూటర్లన్నిటికీ మూలసూత్రం అదే. కనుక మిత్రులారా, ఈ యంత్రానికి మూలపురుషుడు ఒక గుమాస్తా అంటే అతిశయోక్తి కాదు.

పేరు పెట్టిన సంవత్సరం

యంత్రం ఆలోచించగలదా అన్న ప్రశ్నను 1950లో ట్యూరింగే లేవనెత్తాడు. తెర వెనుక ఉన్నది మనిషో యంత్రమో ప్రశ్నలడిగి తేల్చుకోలేకపోతే, దానికి తెలివి ఉన్నదని ఒప్పుకోవచ్చునన్నాడు. 1956 వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొద్దిమంది శాస్త్రజ్ఞులు సమావేశమయ్యారు. జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, క్లాడ్ షానన్, నథానియల్ రోచెస్టర్ దానికి ప్రతిపాదకులు. కృత్రిమ మేధ అనే పేరు మెకార్తీ పెట్టినదే.

ఆ రోజుల్లో ఆశలు ఆకాశాన్నంటాయి. పదేళ్ళలో చదరంగంలో ప్రపంచ విజేత కంప్యూటరే అవుతుందని 1957లో హెర్బర్ట్ సైమన్ జోస్యం చెప్పాడు. అది నిజమయ్యేసరికి 40 ఏళ్ళు పట్టింది. 1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ కాస్పరోవ్‌ను ఓడించింది. మధ్యలో ఎన్నో నిరాశలు. 1973లో బ్రిటన్‌లో లైట్‌హిల్ నివేదిక ఈ పరిశోధన చెప్పినంత సాధించలేదని తేల్చడంతో నిధులు తగ్గిపోయాయి. 1980ల చివర మరోసారి అదే గతి పట్టింది. ఈ గడ్డుకాలాలకు వారు శీతకాలమని పేరు పెట్టుకున్నారు.

రూల్సు పుస్తకమా, పాత ఫైళ్ళా?

ఎందుకు విఫలమయ్యారో మన ఆఫీసు భాషలో చెబితే సులభంగా అర్థమవుతుంది. కొత్తగా చేరిన గుమాస్తాకు పని నేర్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫండమెంటల్ రూల్సు, పింఛను రూల్సు, జి.ఓ.ల స్టాక్ ఫైలు చేతికిచ్చి బట్టీ పట్టమనడం. రెండోది, పరిష్కారమైపోయిన పాత ఫైళ్ళు వంద ముందు పడేసి చదువుకోమనడం. మనలో పని వచ్చినవాళ్ళందరం రెండో దారిలోనే నేర్చుకున్నాం. రూలు ఎక్కడ ఎలా వర్తిస్తుందో పాత ఫైలు చెప్పినట్టు పుస్తకం చెప్పదు.

తొలి శాస్త్రజ్ఞులు చాలామంది మొదటి దారి పట్టారు. 1970లలో స్టాన్‌ఫర్డ్‌లో తయారైన మైసిన్ అనే కార్యక్రమం, కొన్ని వందల రూళ్ళతో, రక్తంలో చేరిన సూక్ష్మజీవుల వ్యాధికి ఏ మందు ఇవ్వాలో చెప్పేది. ఆ చిన్న పరిధిలో బాగానే చెప్పేది. కాని పిల్లికీ కుక్కకీ తేడా ఏమిటో రూలు వ్రాయమంటే ఎవరు వ్రాయగలరు? మూడేళ్ళ పిల్ల మాత్రం చూసి చెప్పేస్తుంది.

రెండో దారిని నమ్మినవారు కొద్దిమంది. మెదడులోని నాడీకణాల అల్లికను పోలినదాన్ని యంత్రంలో ఏర్పరచి, ఉదాహరణలు చూపించి నేర్పాలన్నది వారి వాదం. 1958 ప్రాంతంలో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ దీన్ని ప్రారంభించాడు. 1986లో రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ అనే ముగ్గురు, తప్పు చేసిన ప్రతిసారీ యంత్రం తన్ను తాను ఎలా సరిదిద్దుకోవాలో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. సూపరింటెండెంటు ఎర్రసిరాతో నోటు దిద్దితే మనం మళ్ళీ ఆ తప్పు చేయకపోవడం వంటిదే ఇది. అయితే అప్పట్లో చదవడానికి తగినన్ని ఫైళ్ళు లేవు, చదివే వేగమూ లేదు. ఇంటర్నెట్ వచ్చి కోట్ల కొద్దీ చిత్రాలు, వ్రాతలు పోగుపడ్డాయి. పిల్లల వీడియో ఆటల కోసం తయారైన చిప్పులు వేగాన్నిచ్చాయి. 2012లో టొరంటోలో హింటన్, ఆయన శిష్యులిద్దరు చేసిన కార్యక్రమం చిత్రాలను గుర్తించే పోటీలో తక్కినవాటిని చాలా వెనక్కు నెట్టింది. మా వదినగారి ముఖాన్ని గుర్తుపట్టిన ఫోనుకు విత్తనం ఇక్కడే పడింది.

ఆ తరువాత అంతా పరుగే. 2016లో గో అనే ఆటలో కొరియా మేటి ఆటగాడు లీ సెడాల్ 4-1 తేడాతో యంత్రం చేతిలో ఓడిపోయాడు. 2017లో గూగుల్ శాస్త్రజ్ఞులు ఎనిమిదిమంది భాషను చదివే కొత్త పద్ధతి ప్రకటించారు. 2022 నవంబరు 30న ఛాట్ జీపీటీ వచ్చి సామాన్యులకు కూడా ఈ విద్య అందుబాటులోకి తెచ్చింది. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి హాప్‌ఫీల్డ్, హింటన్‌లకు దక్కింది. రసాయనశాస్త్ర బహుమతిలో సగం, కృత్రిమ మేధతో ప్రోటీన్ల ఆకృతులు కనుగొన్న హసాబిస్, జంపర్‌లకు దక్కింది.

ఈ చరిత్రలో మన తెలుగువాడు

ఈ కథలో మనం గర్వంగా చెప్పుకోదగిన పేరు ఒకటి ఉన్నది. దబ్బాల రాజగోపాల రెడ్డి, ప్రపంచానికి రాజ్ రెడ్డి. 1937లో నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. వారి ఇంట కళాశాల మెట్లెక్కిన మొదటివారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో 1958లో పట్టా పుచ్చుకుని, ఆస్ట్రేలియాలో పై చదువు చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ దగ్గరే డాక్టరేటు చేశారు. యంత్రానికి మన మాట వినిపించి అర్థం చేయించడం ఆయన ఎంచుకున్న పని. అక్షరం ముక్క రాని మనిషి కూడా తన నోటి మాటతో యంత్రం చేత పని చేయించుకోగలగాలన్నది ఆయన పదే పదే చెప్పిన ఆశయం. 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరయ్యారు. 1994లో ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. కంప్యూటర్ రంగంలో అది నోబెల్ వంటిది. దానిని అందుకున్న మొదటి ఆసియావాసి ఆయనే. 2008లో నాటి ఉమ్మడి రాష్ట్రంలో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో పల్లెటూరి పిల్లల కోసం వెలసిన ట్రిపుల్ ఐటీల వెనుక కూడా ఆయన ఆలోచన ఉన్నది.

అప్పుడు మనం ఏమని భయపడ్డాం?

ఇక మనుమరాలి ప్రశ్నకు వస్తాను. ఇక్కడ నేనొక సంగతి ఒప్పుకోవాలి. 1990లలో మా జిల్లా ఉద్యోగుల సమావేశంలో ఆఫీసులకు కంప్యూటర్లు వద్దంటూ చేసిన తీర్మానం ముసాయిదా నా చేతివ్రాతే. "ఒక్క యంత్రం వస్తే పదిమంది గుమాస్తాలు ఇంటికి" అని వ్రాశాను. చప్పట్లు కొట్టారు. అంతకుముందు 1980లలో బ్యాంకు ఉద్యోగులు, బీమా ఉద్యోగులు కూడా ఇదే భయంతో ఆందోళనలు చేశారు.

తీరా జరిగిందేమిటి? డి.ఎ. పెరిగినప్పుడల్లా అరియర్సు బిల్లులు తయారు చేయడానికి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్న రోజులు పాఠకులు మరచిపోయి ఉండరు. ఒక్కరి లెక్కలో ఒక్క రూపాయి తేడా వస్తే మొత్తం బిల్లు వెనక్కు వచ్చేది. యాభయ్యోపడిలో నేను మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాక ఆ పని ఒక పూటకు దిగింది. భూమి కొనేవాడికి కావలసిన ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ కోసం పూర్వం ఏళ్ళ తరబడి సూచికల సంపుటాలు ఒక్కొక్కటే తిరగేయవలసి ఉండేది. 1998 నవంబరులో ఉమ్మడి రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖలో కార్డ్ పథకం వచ్చాక ఆ కాగితం నిమిషాల మీద చేతికి రావడం మొదలైంది. 1985-86లో ఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రైల్వే రిజర్వేషన్ సంగతి అందరికీ తెలిసినదే. నా తీర్మానంలో వ్రాసినట్టు మా సెక్షనులో ఎవరూ ఇంటికి పోలేదు.

అయితే నా భయం పూర్తిగా తప్పని కూడా అనను. మా ఊళ్ళో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన నా మిత్రుడు 12 టైపు యంత్రాలను పాత ఇనుము ధరకు అమ్ముకున్నాడు. ఆయన కొడుకు డి.టి.పి. సెంటరు పెట్టి నిలదొక్కుకున్నాడు. ఆయన మాత్రం ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. నలభైలలో ఉన్న మనిషికి కొత్త విద్య నేర్పేవారు లేకపోవడమే అసలు నష్టం. యంత్రం వల్ల సమాజానికి మేలు జరిగినా, మధ్యలో కొందరు నలుగుతారు. వారిని ఆదుకునే బాధ్యత ప్రభుత్వానిది, మన బోటి సంఘాలది. నా తీర్మానంలో యంత్రం వద్దని గాక, పని పోయేవారికి శిక్షణ ఇవ్వమని వ్రాసి ఉండవలసిందని ఇప్పుడనిపిస్తుంది.

మేలు ఎక్కడ కనబడుతున్నది?

మనబోటి వయసువారికి ముందు కళ్ళు. మధుమేహం వల్ల కంటి నరాల తెర దెబ్బతినడాన్ని ఫొటో చూసి పసిగట్టే కార్యక్రమం గురించి గూగుల్ శాస్త్రజ్ఞులు 2016లో ప్రకటించారు. దానికి 1,28,000 పైచిలుకు చిత్రాలు చూపించి నేర్పారు. వాటిలో మన దేశపు కంటి ఆసుపత్రుల చిత్రాలు కూడా ఉన్నాయి. అదే ఏడు హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఈ దారిలో కృషి మొదలుపెట్టింది. కంటి డాక్టరు లేని పల్లెలో ఒక నర్సు ఫొటో తీస్తే, చూపు పోకముందే హెచ్చరిక అందడం చిన్న మేలు కాదు.

తరువాత సేద్యం. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు, ఎప్పుడు విత్తాలో తెలుగులో సందేశాలు పంపారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి చేసిన ప్రయోగమిది. దిగుబడి సగటున 30 శాతం హెచ్చిందని వారు ప్రకటించారు. వానను నమ్ముకున్న రైతుకు విత్తే తేదీ ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

మూడవది భాష. 2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే కార్యక్రమం ప్రారంభించింది. మన భాషల్లో మాట్లాడితే విని, మరో భాషలోకి మార్చే విద్య ఇది. ఇంగ్లీషు రాక అర్జీ వ్రాయించుకోవడానికి ఆఫీసు బయట చెట్టుకింద నిలబడ్డ మనుషులను మనం 30 ఏళ్ళు చూశాం. వారి పిల్లలు తెలుగులో చెప్పి, తెలుగులో జవాబు పొందే రోజు వచ్చిందంటే, రాజ్ రెడ్డిగారి ఆశయం తీరినట్టే.

రెండు జాగ్రత్తలు

మొదటిది, యంత్రం తెలియనిది కూడా తెలిసినట్టు చెబుతుంది. 2023లో న్యూయార్కులో ఇద్దరు న్యాయవాదులు అది కల్పించి చెప్పిన లేని తీర్పులను కోర్టులో దాఖలు చేసి, 5,000 డాలర్ల జరిమానాకు గురయ్యారు. ఫైలు పుటప్ చేసిన గుమాస్తా ఎంత తెలివైనవాడైనా, చదవకుండా సంతకం పెట్టిన అధికారి చిక్కుల్లో పడతాడు. ఇదీ అంతే. మందుల విషయం, డబ్బు విషయం డాక్టరునో, బ్యాంకునో అడిగి తేల్చుకోవాలి.

రెండవది మోసగాళ్ళు. మన పిల్లల గొంతును అనుకరించి, ఆపదలో ఉన్నాను డబ్బు పంపమని ఫోను చేయవచ్చు. పోలీసు దుస్తులలో కనబడి డిజిటల్ అరెస్టు అని బెదిరించవచ్చు. అలాంటి అరెస్టు చట్టంలో లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియో ప్రసంగంలో చెప్పారు. ఫోను పెట్టేసి, పిల్లల నంబరుకు మనమే తిరిగి చేయాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు చెప్పాలి.

మనుమరాలికి జవాబు

చివరకు మా మనుమరాలితో ఇలా అన్నాను. "అమ్మా, లెక్కలు కట్టే మనుషుల పేరును యంత్రం తీసేసుకుంది. పని కూడా తీసుకుంది. కాని మనిషి మిగిలాడు. లెక్కలు తగ్గాక అర్జీదారు మాట వినడానికి మాకు తీరిక దొరికింది. కొందరం విన్నాం, కొందరం వినలేదు. అది యంత్రం తప్పు కాదు. మీ కాలంలో కూడా నోటు వ్రాసేది యంత్రమే కావచ్చు. దాని కింద సంతకం, ఆ సంతకానికి బాధ్యత మీవే. ఆ బాధ్యత మోయగల చదువు చదువుకో. నేను యాభయ్యోపడిలో నేర్చుకున్నాను, నువ్వు ఇరవయ్యొకటిలో నేర్చుకోలేవా?"

ఆమె కొంచెంసేపు ఆలోచించి, "నీ తీర్మానం కాపీ ఉందా తాతయ్యా, చదువుతాను" అంది. పెట్టెలో వెదికి ఇచ్చాను. చదివి నవ్వింది. చేతివ్రాత మాత్రం చాలా బాగుందని మెచ్చుకుంది.

మా వదినగారు ఈ నవంబరుకు ఎదురుచూస్తున్నారు. మళ్ళీ కళ్ళు ఆర్పి చూపిస్తే చాలునట. పెద్దలు, అనుభవజ్ఞులు ఈ వ్యాసంలోని లోపాలను మన్నింతురుగాక. ఇంట్లో పిల్లలు ఫోను చూస్తున్నారని విసుక్కోక, ఒక పూట వారి పక్కన కూర్చుని ఆ విద్య ఏమిటో అడిగి తెలుసుకోవలసిందిగా సభ్యులందరికీ నా మనవి.